అరోమాథెరపీ: వృత్తి సంఘాలు, చట్టాలు

పూలు, ఆకులు, బెరడు, వేళ్ల నుంచి ఆవిరి పట్టి తీసిన సుగంధ తైలాలను పీల్పించడం, లేదా నువ్వుల నూనె, బాదం నూనె వంటి మామూలు నూనెలో కొద్ది చుక్కలు కలిపి మర్దన చేయడం అరోమాథెరపీ. బ్రిటన్, అమెరికా, భారతదేశాల్లో ఎవరైనా తాను అరోమాథెరపిస్ట్‌నని చెప్పుకోవచ్చు. రిజిస్టరైన వైద్యుడికో నర్సుకో ఉన్నట్టు ఆ పేరుకు చట్టరక్షణ లేదు. అందుకే ఆ పని చేసేవాళ్లే కూడి సంఘాలు పెట్టుకున్నారు. ఎంత చదవాలి, వచ్చినవారితో ఎలా మసలుకోవాలి, ఫిర్యాదు వస్తే ఏం చేయాలి అన్నవి ఆ సంఘాలు తేలుస్తాయి.

సంఘంలో సభ్యత్వం చదువుకు గుర్తు. అది ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాదు. సభ్యులకైనా కానివారికైనా దేశ చట్టాలు ఒక్కటే. చాలా దేశాల్లో ఆ చట్టాలు చికిత్స చేసే మనిషిని పెద్దగా పట్టించుకోవు. సీసాలో ఉన్న తైలాన్ని, ఆ తైలం గురించి చెప్పే మాటను పట్టుకుంటాయి. ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

రెండు దారులు

అరోమాథెరపీ అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రెనె మోరిస్ గాట్‌ఫోసె. ఆ పేరుతోనే 1937లో ఆయన పుస్తకం వచ్చింది. 1910లో ప్రయోగశాల ప్రమాదంలో చేతులు కాలి, పుండ్లకు గ్యాస్ గ్యాంగ్రీన్ సోకితే లావెండర్ తైలంతో కడిగాక తగ్గిందని ఆయనే రాసుకున్నాడు. కాలిన చేతిని అనుకోకుండా లావెండర్ తొట్టిలో ముంచాడన్న కథ తర్వాత పుట్టింది. శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ ఆ కథే చెబుతుంటారు. ఆయన తర్వాత సైనిక వైద్యుడు జాన్ వాల్నె ఈ తైలాలను మందులుగా వాడి, 1964లో తన పుస్తకం వెలువరించాడు. అలా ఫ్రాన్స్‌లో ఈ విద్య వైద్యుల చేతుల్లో పెరిగింది.

బ్రిటన్‌కు దాన్ని తెచ్చింది మార్గరిట్ మోరి. ఆస్ట్రియాలో పుట్టిన ఆమె తైలాలను బాగా పలచన చేసి మర్దనకు వాడే పద్ధతి నేర్పింది. ఆమె శిష్యులు ఎక్కువగా సౌందర్య నిపుణులు. అక్కడ అరోమాథెరపీ మసాజ్ బల్ల దగ్గర పెరిగింది.

నేటి నియమాల తేడాకు మూలం ఇక్కడే ఉంది. ఫ్రాన్స్‌లో సదాప, థూజా, వార్మ్‌వుడ్, సేజ్ వంటి కొన్ని తైలాలను ఫార్మసీల్లో తప్ప అమ్మకూడదని 2007 నాటి ఆదేశం చెబుతోంది. బ్రిటన్‌లో మర్దన చేసేవారికి అలాంటి గట్టి కట్టడి రాలేదు. ఆ భారం సంఘాల మీద పడింది.

బ్రిటన్ సంఘాలు

ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ అరోమాథెరపిస్ట్స్ 1985లో మొదలైంది. 2002లో పాత సంఘాల కలయికతో ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ అరోమాథెరపిస్ట్స్ ఏర్పడింది. దాన్ని క్లుప్తంగా ఐఎఫ్‌పీఏ అంటారు. ఈ మధ్యలో 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్ సైన్స్ కమిటీ ప్రత్యామ్నాయ వైద్యాలపై నివేదిక ఇచ్చింది. అందులో ఆస్టియోపతీ, కైరోప్రాక్టిక్ వంటివి మొదటి వర్గంలో ఉంటే, అరోమాథెరపీని రెండో వర్గంలో, అంటే రోగ నిర్ధారణ జోలికి పోకుండా అసలు వైద్యానికి తోడుగా నిలిచే పద్ధతుల్లో చేర్చారు. ఆస్టియోపతీకి 1993లో, కైరోప్రాక్టిక్‌కు 1994లో సొంత చట్టాలు వచ్చాయి. అరోమాథెరపీకి రాలేదు.

దాని బదులు స్వచ్ఛంద రిజిస్టర్ వచ్చింది. ప్రభుత్వ తోడ్పాటుతో 2008లో ఏర్పడిన కాంప్లిమెంటరీ అండ్ నేచురల్ హెల్త్‌కేర్ కౌన్సిల్ ఆ రిజిస్టర్ నిర్వహిస్తుంది. ఈ కౌన్సిల్‌కు 2013లో ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ గుర్తింపు దక్కింది. ఈ గుర్తింపు రిజిస్టర్ నడిపే తీరుకు మాత్రమే ఇచ్చింది, చికిత్స పనిచేస్తుందని ఇచ్చింది కాదు.

సభ్యత్వానికి చట్టంలో నేరుగా విలువ దొరికే చోటు ఒకటుంది. 1991 నాటి లండన్ స్థానిక సంస్థల చట్టం ప్రకారం మసాజ్, అరోమాథెరపీ వంటి సేవలిచ్చే కేంద్రానికి బరో కౌన్సిల్ లైసెన్సు కావాలి. కౌన్సిల్ ఒప్పుకున్న వృత్తి సంఘాల్లో సభ్యులైనవారికి ఆ లైసెన్సు నుంచి మినహాయింపు ఉండవచ్చు. లండన్‌లో గది అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టే కొత్తవారికి సభ్యత్వం ఇక్కడ డబ్బు మిగులుస్తుంది.

చేరడం ఎలా

సంఘాలన్నిటికీ వాటి వాటి పద్ధతులున్నా చేరే దారి దాదాపు ఒకటే. సంఘం గుర్తించిన పాఠశాలలో చదవాలి. చదువులో శరీర నిర్మాణం, శరీర ధర్మం, తైలాల రసాయనం, భద్రత ఉంటాయి. నిజమైన మనుషుల మీద పనిచేసి కేస్ స్టడీలు రాసి ఇవ్వాలి. వృత్తి బీమా తీసుకోవాలి. ఏటా సభ్యత్వం పునరుద్ధరించుకుంటూ, కొత్తగా ఏం నేర్చుకున్నారో చూపాలి. విద్యార్థులకు వేరే తరగతి సభ్యత్వం ఉంటుంది. వేరేచోట చదివినవారి పాఠ్యాంశాలను సంఘం పరిశీలించి, లోటు ఉంటే పూరించుకోమంటుంది.

అమెరికాలో 1990లో పుట్టిన నేషనల్ అసోసియేషన్ ఫర్ హోలిస్టిక్ అరోమాథెరపీని నాహా అంటారు. 2006లో అలయన్స్ ఆఫ్ ఇంటర్నేషనల్ అరోమాథెరపిస్ట్స్ వచ్చింది. వృత్తిస్థాయి గుర్తింపుకు రెండు సంఘాలూ కనీసం 200 గంటల చదువు అడుగుతాయి. వీటికి వేరుగా 1999లో ఏర్పడిన అరోమాథెరపీ రిజిస్ట్రేషన్ కౌన్సిల్ ఒక పరీక్ష పెడుతుంది. అది గట్టెక్కినవారు పేరు పక్కన రిజిస్టర్డ్ అరోమాథెరపిస్ట్ అని రాసుకోవచ్చు. ఇదీ ప్రభుత్వ లైసెన్సు కాదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. టెక్సస్, న్యూజెర్సీతో సహా చాలా రాష్ట్రాల్లో డబ్బు తీసుకుని మసాజ్ చేయాలంటే మసాజ్ థెరపిస్ట్ లైసెన్సు తప్పనిసరి. నాహా ధ్రువపత్రం ఎంత ఉన్నతమైనదైనా ఆ లైసెన్సుకు బదులు కాదు.

చదువు విలువ ఎక్కడ తెలుస్తుందంటే, మొదటి పావుగంటలో తెలుస్తుంది. శిక్షణ పొందిన వ్యక్తి తైలం మూత తీయకముందు కాగితం తీస్తారు. గర్భం ఉందా, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉందా, ఉబ్బసం ఉందా, ఏయే మందులు వాడుతున్నారు, ఏ వాసన పడదు అని అడిగి రాసుకుని సంతకం తీసుకుంటారు. తర్వాత లెక్క. 30 మిల్లీలీటర్ల బాదం నూనెలో 2 శాతం కలపాలంటే 0.6 మిల్లీలీటర్ల తైలం పడుతుంది. మిల్లీలీటరుకు 20 చుక్కల చొప్పున 12 చుక్కలు. ముఖానికైతే అందులో సగం. పిండిన బెర్గమాట్ తైలం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది కాబట్టి దాన్ని ఇంకా తగ్గిస్తారు. ఈ 12 చుక్కల లెక్క తెలియని చేతికి ఎన్ని ధ్రువపత్రాలున్నా ఒళ్లు అప్పగించకూడదు.

ఒకే సీసా, మూడు పేర్లు

చట్టం దృష్టిలో తైలం ఏమిటన్నది దాని గురించి చెప్పే మాట తేలుస్తుంది. ఒక లావెండర్ సీసా తీసుకుందాం. గదికి మంచి వాసన వస్తుందని రాస్తే అది పరిమళ వస్తువు. చర్మం మృదువుగా ఉంటుందని రాస్తే సౌందర్య సాధనం. నిద్ర పట్టిస్తుంది, ఆందోళన తగ్గిస్తుంది, నొప్పి తీస్తుంది అని రాస్తే అమెరికాలో 1938 నాటి ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద అది మందు. మందైతే అమ్మకానికి ముందే దాని గుణాన్ని రుజువు చేయాలి. లోపలి తైలం మారలేదు, లేబుల్ మీది వాక్యం మారింది, అంతే. అరోమాథెరపీ అన్న మాటకు ఆ చట్టంలో నిర్వచనమే లేదు.

ఇది పుస్తకాల్లోనే ఉండిపోయిన నియమం కాదు. 2014 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండు పెద్ద తైలాల కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటి తరఫున అమ్మేవారు తమ తైలాలు ఎబోలా వంటి జబ్బులపై పనిచేస్తాయని సామాజిక మాధ్యమాల్లో రాయడమే కారణం. బ్రిటన్‌లో క్యాన్సర్‌కు చికిత్స చేస్తామని ప్రజలకు ప్రకటన ఇవ్వడం 1939 నాటి క్యాన్సర్ చట్టం కింద నేరం. అరోమాథెరపిస్టులకూ అది వర్తిస్తుంది.

సౌందర్య సాధనం అనగానే ఐరోపా నియమాలు మరీ కచ్చితంగా ఉంటాయి. ఇంట్లో చేసిన క్రీమైనా అర్హత గల నిపుణుడి భద్రతా నివేదిక లేకుండా అమ్మకూడదు. అలర్జీ కలిగించే పరిమళ పదార్థాలు ఒంటి మీద ఉండిపోయే ఉత్పత్తిలో 0.001 శాతం దాటితే పేరు పెట్టి రాయాలి. మన నిమ్మగడ్డి నూనెలో దాదాపు మూడొంతులు సిట్రాల్ ఉంటుంది. ఆ నూనె 1 శాతం కలిపిన క్రీములో సిట్రాల్ 0.75 శాతం, అంటే హద్దుకు 750 రెట్లు. ప్రకృతి నుంచి తీసిందే కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు. ఇలా రాయాల్సిన పదార్థాలు మొదట 26 ఉండేవి. 2023లో ఐరోపా యూనియన్ ఆ జాబితాను 80 దాటించింది.

సీసాల మీద కనిపించే థెరప్యూటిక్ గ్రేడ్ అన్న ముద్రను ఏ ప్రభుత్వమూ ఇవ్వదు. అది వ్యాపారుల మాట. నిజంగా చూడాల్సినవి మొక్క శాస్త్రీయ నామం, పండిన దేశం, బ్యాచ్ నంబరు. లావెండర్‌కూ దాని సంకరమైన లావండిన్‌కూ వాసన దగ్గరగా ఉన్నా, లావండిన్‌లో కర్పూరం పాలు ఎక్కువ. ఫిట్స్ ఉన్న మనిషి విషయంలో ఆ తేడా చిన్నది కాదు.

తైలం నాణ్యత కన్నా శుభ్రత తక్కువది కాదని 2021లో తేలింది. అమెరికాలోని జార్జియా, కాన్సస్, మిన్నెసోటా, టెక్సస్‌లలో నలుగురికి మెలియాయిడోసిస్ అనే అరుదైన వ్యాధి సోకి ఇద్దరు చనిపోయారు. చివరకు మూలం దొరికింది: లావెండర్, చామంతి వాసనతో, లోపల రాళ్లు వేసి అమ్మిన గది స్ప్రే. అది భారతదేశంలో తయారైంది. దాదాపు 3,900 సీసాలను వెనక్కి రప్పించారు. ఇలాంటి చోట వృత్తి సంఘం చేయగలిగింది ఏమీ లేదు. ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర నిలవాల్సింది ప్రభుత్వ నియంత్రణే.

ఇతర దేశాలు

జర్మనీలో వైద్యులు కానివారు రోగాలకు చికిత్స చేయాలంటే 1939 చట్టం కింద హైల్‌ప్రాక్టికర్ అనుమతి కావాలి. ఆస్ట్రేలియాలో 2019 ఏప్రిల్ నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీ వర్తించే సేవల నుంచి 16 ప్రకృతి చికిత్సలను తీసేశారు. వాటిలో అరోమాథెరపీ ఒకటి. గట్టి ఆధారాలు కనబడలేదన్న ప్రభుత్వ సమీక్ష దానికి కారణం.

భారతదేశంలో

మన దేశంలో అరోమాథెరపిస్టులకు చట్టబద్ధమైన మండలి లేదు. కనౌజ్‌లోని ఫ్రాగ్రెన్స్ అండ్ ఫ్లేవర్ డెవలప్‌మెంట్ సెంటర్ శిక్షణ ఇస్తుంది. కానీ ఆ ధ్రువపత్రం వైద్యం చేసే హక్కు ఇవ్వదు. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. నిమ్మగడ్డి, పామరోజా, వట్టివేళ్లు వంటి పంటలు వేసే తెలుగు రైతులకు తైలం తీసే మెలకువలు అక్కడ దొరుకుతాయి.

బట్టీలో నిమ్మగడ్డి నూనె తీసి డబ్బాల్లో వ్యాపారికి అమ్మే రైతుకు పెద్ద చిక్కు లేదు. అదే నూనెను చిన్న సీసాల్లో పోసి చర్మ సౌందర్యానికి అని లేబుల్ అంటిస్తే, 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 సౌందర్య సాధనాల నియమాల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి. కీళ్లవాతం, మధుమేహం, మూర్ఛ, రక్తపోటు, స్థూలకాయం నయమవుతాయని ప్రకటిస్తే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందకు వస్తుంది. ఆ చట్టం షెడ్యూలులో 54 రోగాలున్నాయి. మొదటి తప్పుకే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. కరపత్రం, ఫ్లెక్సీ, వాట్సాప్‌లో తిప్పే చిత్రం, దేనికీ మినహాయింపు ఉందనుకోకూడదు.

ఇంట్లో ఎప్పుడూ ఉండే నూనెలే కదా అని తేలిగ్గా తీసుకోవడం మన దగ్గర పెద్ద ప్రమాదం. నీలగిరి తైలం, కర్పూరం వాడిన తర్వాత వచ్చిన ఫిట్స్ కేసులను బెంగళూరు నాడీ వైద్యులు వైద్య పత్రికల్లో నమోదు చేశారు. జలుబు చేసిన పసిపిల్లల ముక్కు కింద కర్పూరం రాసే అలవాటును ఇప్పటికైనా మానుకోవాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక స్పా గోడ మీద విదేశీ సంఘం ధ్రువపత్రం కనిపిస్తే దాని మీద తేదీ చూడండి. ఈ సభ్యత్వాలు ఏటా పునరుద్ధరించుకోవాల్సినవి. పేరున్న సంఘాలు తమ సభ్యుల జాబితాను అందరికీ కనిపించేలా పెడతాయి. ఆ పేరు ఈ ఏడాది జాబితాలో లేకపోతే గోడ మీద ఉన్నది పాత కాగితమే.