అరుంధతి బంగళా: పేరు ఎవరిది, మోత ఎవరిది?

సెలవులొస్తే బేతంచెర్ల నుంచి కుటుంబాలు పోయొచ్చే చోట్లు మూడున్నాయి: యాగంటి, బెలుం గుహలు, బనగానపల్లె బయట ‘అరుంధతి బంగళా’. ఒక బండి మాట్లాడుకుని, చిత్రాన్నం డబ్బాలు, నీళ్ల క్యాన్లు పెట్టుకుని, ముసలోళ్లనూ పిల్లలనూ ఎక్కించుకుని పోతారు. బంగళా ముందర ఫోటోలు దిగుతారు. సినిమాలో పశుపతిని సమాధి చేసిన గది ఏదని పిల్లలు వెతుకుతారు. సాయంత్రానికి ఇల్లు చేరతారు.

పోవద్దని చెప్పడం లేదు. తప్పకుండా పోండి. చరిత్ర చదివే విద్యార్థులైతే మాత్రం అక్కడ అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

ముందు పేరు సంగతి. కోడి రామకృష్ణ తీసిన ‘అరుంధతి’ 2009లో వచ్చింది. కథ గద్వాల సంస్థానానిది. కనిపించే బంగళా మాత్రం బనగానపల్లె నవాబులది. ముస్లిం పాలకుల కట్టడం తెర మీద హిందూ సంస్థానం కోటయింది. సినిమా పేరే ఊళ్లో దాని పేరుగా నిలబడిపోయింది. నవాబుల వంశాన్నే ఒక్క సినిమా ఇంత సులువుగా తుడిచేయగలిగితే, ఆ వంశం కింద బతికిన వెట్టివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

బనగానపల్లె మూడు వందల చదరపు మైళ్లు కూడా లేని చిన్న సంస్థానం. చుట్టూ బ్రిటిష్ వాళ్ల కర్నూలు జిల్లా. 1901 జనాభా లెక్కల్లో అక్కడి జనం సుమారు 32 వేలు. అయినా ఆ నవాబుకు 9 తుపాకుల వందనం ఉండేది. 1948లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో భాగమైంది. 2022 నుంచి బనగానపల్లె, బేతంచెర్ల రెండూ నంద్యాల జిల్లాలో ఉన్నాయి. పుస్తకాల్లో దొరికే చరిత్ర దాదాపు ఇంతే: ఎవరి తర్వాత ఎవరు, ఎన్ని తుపాకులు, ఎంత ఆదాయం.

ఆ చరిత్రలో ఒక ఏడాది దగ్గర ఆగాలి. అదివరకు జాగీరుదారుగా ఉన్న ఫతే అలీ ఖాన్‌కు నవాబు బిరుదు దక్కింది 1876లో. అదే ఏడు రాయలసీమలో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి జనం దాన్ని ధాత కరువన్నారు. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో ఎక్కువగా చితికిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో రాళ్లు కొట్టే, మట్టి మోసే కూలీల బత్తెం కోసేశాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని గింజలు, పైన కొంచెం చిల్లర. బిరుదులూ దర్బారూ ఒక పక్క, పౌను గింజలు ఇంకో పక్క. సొంత సెంటు భూమి లేక కూలీ మీదే బతికే మాలమాదిగల ఇళ్లకు ఆ తూకం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో తాజ్‌మహల్ కూలీల గురించి అడిగాడు. గొప్ప ప్రశ్న. అయితే మన నేలలో ‘కూలీ’ అన్న మాట సగమే చెప్తుంది. ఎవరు ఏ పని చేయాలో, ఏ గడప దాకా రావాలో ఇక్కడ కులం నిర్ణయించింది. కూలి ఇవ్వకుండా చేయించుకున్న పనికి వెట్టి అని పేరు. రాజు నవాబైనా, పాలెగాడైనా, కంపెనీ దొరైనా వెట్టివాడు మారలేదు. అందుకే ఇది ముస్లిం పాలకుల మీద నేరం మోపే మాట కాదు. అట్లా వాడుకోవాలని చూసేవాళ్లకు మన ప్రశ్నను అప్పగించొద్దు.

మా అమ్మ బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఇంటిల్లిపాదీ బంగళా చూడ్డానికి పోయినప్పుడు మేమంతా స్తంభాలు చూస్తుంటే ఆమె పైకప్పు ఎత్తు చూసింది. “నెత్తిన సుట్ట పెట్టుకుని ఇంత ఎత్తుకు ఎట్ల మోసినారో నాయనా, మెడలు ఏమైనాయో” అన్నది. డాక్టరేట్ చదువులో నాకు ఎవరూ నేర్పని చరిత్ర పద్ధతి అది. కట్టడాన్ని కట్టించినవాడి వైపు నుంచి కాకుండా మోసిన మెడ వైపు నుంచి చదవడం.

ఆ పద్ధతిలో మామిడిపండును కూడా చదవొచ్చు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ఘనతంతా నవాబుల తోటలకే పోతుంది. కరెంటు మోటార్లు రాకముందు సీమలో బావుల నుంచి నీళ్లు తోడింది కపిలె. కపిలెకు తోలు బొక్కెన కావాలి, తోలు తాళ్లు కావాలి. అవి మాదిగల చేతిపని. తోలు ఊనిన చేతులు లేకుండా ఈ ఎండ నేలలో పచ్చదనం నిలిచేది కాదు. ఆ చేతులకు మాత్రం ఏ గుర్తింపూ లేదు.

చివరికి మళ్లీ పేరు దగ్గరికి. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ‘అరుంధతీయ’ అన్న పేరుంది. డక్కలివాళ్లు మాదిగలకు చెప్పే జాంబ పురాణంలో అరుంధతి మాదిగల ఆడబిడ్డ. పెళ్లిలో అందరూ తలెత్తి చూసే నక్షత్రం ఆమె. సినిమా అరుంధతి సంస్థానం బిడ్డ. అంటే ఆ బంగళాకు అతికిన పేరు అంతకు ముందే గూడెంలో ఉంది! ఇదంతా యాదృచ్ఛికమే. అయినా ఆ పేరును మన వైపు నుంచి పలికే హక్కు మనకుంది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో పోయినప్పుడు అవ్వనో తాతనో వెంట తీసుకుపోండి. ఎవరు వెట్టికి పోయేవాళ్లు? కపిలె బొక్కెన ఎవరు కుట్టేవాళ్లు? బదులుగా ఏడాదికి ఎన్ని గింజలు కొలిచేవాళ్లు? పెద్దిళ్లలో ఎక్కడిదాకా రానిచ్చేవాళ్లు? అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల యాసలోనే ఫోన్లో రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ రాసిపెట్టండి. నవాబుల చరిత్రకు గెజిటీర్లున్నాయి. మన చరిత్ర ఆ ముసలోళ్ల నోట్లో ఉంది, వాళ్లతోపాటే పోతోంది.

జై భీమ్.