స్టాటిస్టిక్స్, సంభావ్యత లెక్కల్లో మార్కులు పోయేది హారం దగ్గరే

ఇంటర్‌లో సీఈసీ తీసుకున్న విద్యార్థికి పదో తరగతితోనే లెక్కల పీడ వదిలిందనిపిస్తుంది. తీరా బీకామ్‌లో బిజినెస్ స్టాటిస్టిక్స్, సీఏ ఫౌండేషన్‌లో మూడో పేపర్ వచ్చేసరికి అవే లెక్కలు మళ్లీ ఎదురొస్తాయి. ఆ మూడో పేపర్ 100 మార్కులది. అందులో 40 మార్కులు స్టాటిస్టిక్స్‌వే. ప్రతి పేపర్‌లోనూ కనీసం 40 రావాలి కాబట్టి దీన్ని వదిలేసి గట్టెక్కడం కష్టం.

ఉర్దూ మీడియం నుంచి వచ్చినవారికి పేర్లతో ఇంకో తలనొప్పి. ఔసత్, సగటు, యావరేజ్ మూడూ ఒకటే. వస్తానియా అంటే మధ్యగతం, అదే మీడియన్. ఇహ్తెమాల్ అంటే సంభావ్యత, అదే ప్రాబబిలిటీ. నోట్‌బుక్ చివరి పేజీలో ఈ మూడేసి పేర్లూ పక్కపక్కన రాసుకుంటే సగం భయం అక్కడే పోతుంది.

మిగతా సగం సూత్రాల వల్ల వచ్చేది కాదు. సూత్రం కరెక్టుగా వచ్చినా జవాబు తప్పుతోందంటే చాలాసార్లు తప్పు కింద వేసిన అంకెలో, అంటే హారంలో ఉంటుంది. ఎంతమందిలో? ఎన్నింటిలో? ఈ ప్రశ్న వేసుకున్నాకే పెన్ను కదపాలి.

సగటు జీతం 30 వేలు

ఒక కాలేజీ ‘మా విద్యార్థుల సగటు జీతం నెలకు 30 వేలు’ అని పాంప్లెట్ వేసిందనుకుందాం. ఉద్యోగం వచ్చిన ఐదుగురి జీతాలు 15, 16, 18, 20, 81 వేలు. మొత్తం లక్షా 50 వేలు, ఐదుతో భాగిస్తే 30 వేలు. లెక్కలో అబద్ధం లేదు. కానీ ఐదుగురిలో నలుగురికి అంత జీతం రావడం లేదు. జీతాలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే మధ్యలో ఉండేది 18 వేలు. అదే మధ్యగతం. ఒక్క 81 వేలు సగటును పైకి లాగేసింది, మధ్యగతాన్ని మాత్రం కదపలేకపోయింది.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఆ బ్యాచ్‌లో ఉన్నది పదిమంది. ఉద్యోగం రాని ఐదుగురు హారంలోనే లేరు. వాళ్లను సున్నా జీతంతో కలిపితే సగటు 15 వేలకు, మధ్యగతం ఏడున్నర వేలకు దిగిపోతుంది. ఫీజు కట్టే ముందు అడగాల్సింది సగటు ఎంత అని కాదు, ఎంతమంది మీద తీసిన సగటు అని.

పరీక్షలో ఇదే ఇంకో రూపంలో వస్తుంది. ఏ సెక్షన్‌లో 40 మంది, సగటు 60 మార్కులు. బీ సెక్షన్‌లో 10 మంది, సగటు 80. రెండు కలిపితే ఎంత? 70 అని రాసేవాళ్లు చాలామంది. 40 మందికి 2,400, పదిమందికి 800, మొత్తం 3,200. దాన్ని 50తో భాగిస్తే 64.

డాలంబర్ట్‌కూ తప్పింది

సంభావ్యతలో మొదటి పాఠం అన్ని ఫలితాలనూ కాగితం మీద రాయడం. విసుగ్గా ఉంటుంది, కానీ దీనికి షార్ట్‌కట్ లేదు. రెండు పాచికలు వేస్తే మొత్తం 7 వచ్చే అవకాశం ఎంత? మొత్తాలు 2 నుంచి 12 దాకా 11 ఉన్నాయి కదా అని 1/11 రాస్తారు. ఆ 11 మొత్తాలకూ సమాన అవకాశం లేదు. 2 రావాలంటే ఒకటే దారి, 7 రావడానికి ఆరు దారులున్నాయి. సమాన అవకాశం ఉన్నవి 36 జతలు. కాబట్టి జవాబు 6/36, అంటే 1/6.

ఈ పొరపాటు చేసినవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. ఫ్రెంచ్ గణిత పండితుడు డాలంబర్ట్ కూడా 1754లో ఇలాగే రాశాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశం 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్లే కాబట్టి మూడే ఫలితాలని ఆయన వాదన. ఆ మూడూ సమానం కావు. బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు అని నాలుగూ రాస్తే జవాబు 3/4.

‘కనీసం ఒకటి’ అనే మాట కనిపిస్తే ‘ఒక్కటీ రాకపోవడం’ లెక్కగట్టి 1లోంచి తీసేయడం సులువు. పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే అవకాశాన్ని 4/6 అని రాయకూడదు. అలా అయితే ఆరుసార్లు వేసినవాడికి ఆరు తప్పకుండా పడాలి! ఒక్కసారీ పడకపోవడం 625/1296, మిగిలిన 671/1296 జవాబు. సగం కంటే కొద్దిగా ఎక్కువ.

పేకముక్కల్లో హారం మధ్యలోనే మారిపోతుంది. 52 ముక్కల్లోంచి తీసిన మొదటి ముక్కను తిరిగి పెట్టకపోతే రెండోసారికి మిగిలేవి 51. వరుసగా రెండు రాజులు వచ్చే అవకాశం 4/52ను 3/51తో గుణిస్తే 1/221. తిరిగి పెడితే 1/169. ప్రశ్నలో ‘తిరిగి ఉంచకుండా’ అన్న మాట కింద గీత పెట్టుకోవాలి.

తెలియనిది గుర్తించి రావచ్చా?

సీఏ ఫౌండేషన్ మూడో పేపర్‌లో ఒప్పుకు 1 మార్కు, తప్పుకు పావు మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేది మార్కులో 1/16 వంతు. లాభమే, కానీ చాలా పలచటి లాభం. పైగా ఆ సగటు ఎన్నోసార్లు రాసేవాడికి. విద్యార్థి ఆ రోజు రాసేది ఒక్కసారే. 16 ప్రశ్నలు గుడ్డిగా పెడితే మూడు లేదా అంతకంటే తక్కువ ఒప్పయి, చేతిలో మార్కులు పోయే అవకాశం దాదాపు 40 శాతం.

ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిస్తే కథ మారుతుంది. అప్పుడు సగటు లాభం 1/6 మార్కు. రెండు తీసేయగలిగితే 3/8. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో కోత మూడో వంతు కాబట్టి గుడ్డి గురికి సగటున వచ్చేది సున్నా. అంటే చదివి ఒక ఆప్షన్‌ను కొట్టేయగలిగినా దానికి విలువ ఉంది.

నియత సంభావ్యత దగ్గర బేయీ సూత్రం చూసి బెదిరేవాళ్లు శాతాలు పక్కనపెట్టి మనుషులను లెక్కపెట్టాలి. వెయ్యి మందిలో పదిమందికి జబ్బు ఉంది. టెస్ట్ ఆ పదిమందిలో 9 మందిని పట్టుకుంటుంది, బాగున్న 990 మందిలో పదో వంతు మందికి కూడా పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది, అంటే 99 మందికి. పాజిటివ్ వచ్చినవాళ్లు 108 మంది, నిజంగా జబ్బున్నవాళ్లు 9 మంది. జవాబు 1/12. టెస్ట్ 90 శాతం కరెక్టు కదా అని 90 శాతం రాసినవాళ్లు 10 మందిని హారంగా వేసుకున్నట్లు. అడిగింది 108 మందిలో.

సాధనకు మూడు లెక్కలు. మూడు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొరుసు పడే అవకాశం? రెండు పాచికల్లో రెండింటి మీదా ఒకే అంకె పడే అవకాశం? ఐదుగురి సగటు వయసు 20, ఆరో మనిషి చేరాక 22 అయితే ఆరో మనిషి వయసెంత? జవాబులు వరుసగా 7/8, 1/6, 32 ఏళ్లు. మూడోదానికి 24 అని వచ్చిందంటే ఆరుగురితో భాగించాలన్న సంగతి మర్చిపోయినట్లే.