మోషే తలపై కొమ్ములు

రోమా నగరమున శాన్ పియెత్రో ఇన్ వింకోలి దేవాలయములో మైకెలాంజెలో చెక్కిన మోషే ప్రవక్త పాలరాతి విగ్రహము కలదు. అది 16వ శతాబ్దపు శిల్పము. పొడవైన గడ్డము, తీక్ష్ణమైన చూపు, తలపై రెండు చిన్న కొమ్ములు! ధర్మశాస్త్రమును తెచ్చిన మహాపురుషునికి కొమ్ములేమని మనము ఆశ్చర్యపడుదుము. వాటి పుట్టుక ఒక్క హీబ్రూ పదములో ఉన్నది.

మోషే సీనాయి పర్వతము దిగి వచ్చినపుడు ఆయన ముఖచర్మము ఎట్లుండెనో నిర్గమకాండము 34వ అధ్యాయము చెప్పును. అచ్చటి క్రియ ‘కారన్’. ప్రాచీన హీబ్రూ లిపిలో ప్రధానముగా హల్లులనే వ్రాసెడివారు. అచ్చులను చదువరి పూరించుకొనవలెను. ఆ హల్లులనే ‘కెరెన్’ అని చదివినచో కొమ్ము అని అర్థము. క్రీస్తుకు పూర్వపు గ్రీకు అనువాదకులు ముఖము మహిమ పొందెనని గ్రహించిరి. 386లో బెత్లెహేమున స్థిరపడి, 405 నాటికి హీబ్రూనుండి లాటిను అనువాదము ముగించిన జెరోము మాత్రము ముఖము కొమ్ములు గలదాయెనని వ్రాసెను.

జెరోము అజ్ఞానముచే అట్లు వ్రాసెనని మనము తీర్పు చెప్పరాదు. గ్రీకు పాఠము ఆయన ఎరిగినదే. 2వ శతాబ్దములో ఆక్విలా అను యూదు అనువాదకుడును కొమ్ము అర్థమునే గైకొనెను. పైగా హీబ్రూ కవితలో కొమ్ము బలమునకు, ఘనతకు సంకేతము. తరువాతి తరములు మాటను పట్టుకొని సంకేతమును విడిచినవి. 11వ శతాబ్దపు ఇంగ్లండు చిత్రములలో మోషేకు నిజముగనే కొమ్ములు మొలిచినవి. దయ్యములకును కొమ్ములు గీసిన ఆ మధ్యయుగమున యూదులకు కొమ్ములుండునను అపవాదు ప్రబలెను. 1267లో వియన్నా మతసభ యూదులు కొమ్ము ఆకారపు టోపీ ధరింపవలెనని శాసించెను. ఆ ద్వేషమంతటికి ఒక్క పదమే కారణమనుట సరికాదు. కాని కొమ్ముల మోషే రూపము ఆ అపవాదునకు ఊతమైనదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

మరి అర్థనిర్ణయ మెట్లు? ముందు వాక్యమును చూతము. క్రియకు కర్త ముఖచర్మము. చర్మము ప్రకాశించుట సహజముగా పొసగును. పిదప సందర్భము: జనులు దరిచేర వెరచిరి, మోషే ముసుగు వేసికొనెను. ఆపై అన్యత్ర ప్రయోగము: హబక్కూకు 3వ అధ్యాయములో ఆ ‘కెరెన్’ పదమే వెలుగు ప్రస్తావన నడుమ కిరణములను తెలుపును. తెలుగు బైబిలు ‘ప్రకాశించుట’ అను అర్థమునే గ్రహించినది.

పవిత్రగ్రంథమును చదువునపుడు ఈ శ్రమను భక్తికి అడ్డమని తలపరాదు. మనము తొందరపడి చెప్పిన అర్థమునకు ఫలము అనుభవించువారు తరచు అన్యులు.