కారుణ్య మరణం: ధర్మం, చట్టం, కోనసీమ అవసరం

ప్రస్తావన

2022 జులైలో గోదావరి వరదల తర్వాత అప్పటి ముఖ్యమంత్రి కోనసీమ లంకలకు వచ్చినప్పుడు, గౌచర్ (Gaucher) అనే అరుదైన వ్యాధి ఉన్న చిన్నారిని కాపాడమని తల్లిదండ్రులు ప్లకార్డు పట్టుకున్నారు. ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. అదే ఏడాది అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనే చికిత్స మొదలైంది. అంతకుముందు 2016లో చిత్తూరు జిల్లాలో కాలేయం దెబ్బతిన్న పసిబిడ్డ తల్లిదండ్రులు వైద్యం చేయించే స్తోమత లేక, కారుణ్య మరణానికి అనుమతి కోరుతూ తంబళ్లపల్లె కోర్టును ఆశ్రయించారు. తర్వాత ప్రభుత్వ సాయంతో కాలేయ మార్పిడి జరిగింది. ఒక కుటుంబం ప్రాణం అడిగింది, మరొకటి మరణం అడిగింది. రెండింటి అవసరమూ వైద్యమే. పేదరికంలోంచి వచ్చే ఇలాంటి అభ్యర్థననూ, వైద్యానికి లొంగని దశలో రోగి చేసుకునే నిర్ణయాన్నీ వేరుచేసి చూడాలన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

మత దృష్టి

హిందూ ధర్మశాస్త్రాలు ఆత్మహత్యను పాపంగా చెబుతూనే ప్రాయోపవేశాన్నీ (ఆహారం మాని మరణం కోసం వేచి ఉండడం) మహాప్రస్థానాన్నీ (దేహం రాలే దాకా సాగే చివరి యాత్ర) అంగీకరించాయి. భాగవతంలో పరీక్షిత్తు గంగాతీరాన ప్రాయోపవిష్టుడయ్యాడు. భారతంలో భీష్ముడు అంపశయ్యపై ఉత్తరాయణం కోసం వేచి ఉన్నాడు. ఆ నిరీక్షణలో తమను చంపమని వాళ్లు ఎవరినీ అడగలేదు. ఆహారాన్ని క్రమంగా మానుకుంటూ మరణాన్ని స్వీకరించే జైనుల సల్లేఖన వ్రతాన్ని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు ఆత్మహత్యగా పరిగణించగా, సుప్రీంకోర్టు అదే నెలలో ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఇస్లాంలో ప్రాణం దేవుడు అప్పగించిన అమానత్. దాన్ని తీసే హక్కు మనిషికి లేదు. 1980 నాటి వాటికన్ ప్రకటన కారుణ్య హత్యను ఖండించింది. అయితే మరణం ఆసన్నమైనప్పుడు, బాధను పొడిగించడమే తప్ప ఫలితమివ్వని చికిత్సను వద్దనవచ్చంది. ప్రాణం తీయడం వేరు, రానున్న మరణాన్ని అడ్డుకోకపోవడం వేరు అన్న వివేచనకు ఈ సంప్రదాయాల్లో గట్టి ఆధారాలున్నాయి.

న్యాయ పరిణామం

2004 డిసెంబరులో కండరాల క్షీణత వ్యాధితో మరణశయ్యపై ఉన్న హైదరాబాద్ చదరంగ క్రీడాకారుడి తరఫున, అవయవదానం కోసం ప్రాణాధార యంత్రాలు తొలగించాలని తల్లి హైకోర్టును కోరారు. బ్రెయిన్‌డెడ్ కాని వ్యక్తి నుంచి అలా అవయవాలు తీసుకోవడానికి 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదంటూ కోర్టు తిరస్కరించింది. కొద్ది రోజులకే ఆ యువకుడు కన్నుమూశాడు.

జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లో ఇచ్చిన 196వ నివేదిక, కోలుకోలేని రోగులకు చికిత్స నిలిపివేసే విషయంలో చట్టం తేవాలని సిఫార్సు చేసింది. జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షతన 2012లో వచ్చిన 241వ నివేదిక ఆ చర్చను కొనసాగించింది. పార్లమెంటు సమగ్ర చట్టం చేయకపోవడంతో ఆ భారం సుప్రీంకోర్టు మీద పడింది. 2011లో అరుణా షాన్‌బాగ్ కేసులో పరోక్ష కారుణ్య మరణాన్ని, అంటే ప్రాణాధార చికిత్స నిలిపివేతను, షరతులతో అనుమతించింది. 2018 మార్చి 9న అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం గౌరవప్రదమైన మరణం 21వ అధికరణలో భాగమని, లివింగ్ విల్ (కోలుకోలేని దశలో చికిత్స వద్దని ముందే రాసి ఉంచే పత్రం) చెల్లుతుందని తేల్చింది. మందు ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే.

కోనసీమలో అమలు

2023 జనవరిలో సుప్రీంకోర్టు లివింగ్ విల్ నిబంధనలను సడలించింది. ఆ పత్రంపై ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరిస్తే చాలు. దాని ప్రతిని మున్సిపాలిటీ లేదా పంచాయతీ అధికారికి అందించి భద్రపరచే ఏర్పాటూ ఉంది. చికిత్స నిలిపివేతను రెండు వైద్య మండళ్లు పరిశీలించాలి. రెండో మండలిలో ఒక వైద్యుణ్ణి జిల్లా వైద్యాధికారి నియమించాలి. ఈ క్రమమంతా పెద్దాసుపత్రిని దృష్టిలో పెట్టుకుని రూపొందింది. రాజోలు, కొత్తపేట పల్లెల్లో "ఇంటికి తీసుకుపోండి" అన్న మాటతో వెనక్కి వచ్చే రోగికి అంతకంటే ముందు కావలసింది నొప్పి తగ్గించే మందు. మార్ఫిన్ వంటి మందులు అందడం సులువయ్యేలా 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానం ప్రకటించింది.

ముగింపు

నొప్పికి మందు, వైద్యానికి డబ్బు దొరకని చోట రోగి మరణాన్ని కోరితే దాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక అనలేం. ఆ రెండూ అందాక, ఇక యంత్రాలు వద్దని అతడు చెబితే ఆ మాటను గౌరవించడం ధర్మమూ చట్టమూ కూడా. కాబట్టి అమలాపురం ఏరియా ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం, ఇళ్లకు వెళ్లే నర్సులు, ప్రతి పంచాయతీలో లివింగ్ విల్ భద్రపరచే బాధ్యుడు ఉండేలా ప్రభుత్వం చూడాలి. కారుణ్యం ముందు బతికున్న రోగికి అందాలి.