వందలో తొంభై ఐదు

2021 జూలైలో ఒక పొద్దున మీర్‌పేట చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో కూచుని ఉంటే, మా గల్లీ తెలుగు మాస్టారు వచ్చి పేపరు మడిచి నా ముందు పెట్టారు. "చూశారా భాయ్‌సాబ్, మీవాళ్ళు వందలో తొంభై ఐదుగురు భారతీయులైనందుకు చాలా గర్వపడుతున్నారట. సర్వేలో తేలింది." ఆయన ముఖంలో నిజమైన సంతోషం ఉంది. నన్ను గుచ్చింది ఆ సంతోషమే. నేనేదో పరీక్ష రాస్తే, నా తరఫున ఆయన ఫలితాలు చూసొచ్చినట్టుంది. మాస్టారు మతతత్వవాది కారు. డిసెంబరు ఆరు వచ్చిందంటే ఎక్కడో ఒక సభకు పోయి వచ్చే మనిషి. సర్వేలో హిందువులూ దాదాపు అంతమందే గర్వపడుతున్నామన్నారు. ఆ సంగతి ఆయనకు వార్తగా తోచలేదు. నాకూ ఎవరికైనా చెప్పాలనిపించలేదు.

సర్వే చేయించింది అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్. 17 భాషల్లో, ఇంటింటికీ పోయి, 29,999 మందిని అడిగారు. అడిగిన కాలం 2019 నవంబరు 17 నుంచి 2020 మార్చి 23 దాకా. ఈ తేదీల దగ్గర కాస్త ఆగాలి. 2019 డిసెంబరు 11న పౌరసత్వ సవరణ బిల్లు పార్లమెంటు దాటింది. ఆ చలికాలమంతా మా ఇళ్ళలో ట్రంకుపెట్టెలు తెరిచే ఉన్నాయి. పుట్టిన సర్టిఫికెట్లు, పాత రేషను కార్డులు, స్కూలు టీసీలు, పేరులో ఒక అక్షరం తేడా వస్తే నోటరీ దగ్గర పరుగులు. కొత్త మనిషి కాగితం, పెన్ను పట్టుకుని గల్లీలోకి వస్తే ఆడవాళ్ళు తలుపు వేసుకున్న రోజులవి. 2020 మార్చి 16న తెలంగాణ అసెంబ్లీ ఆ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ నెలల్లో తలుపు తట్టి "భారతీయుడైనందుకు గర్వపడుతున్నారా?" అని అడిగితే ముసల్మాను ఏం చెబుతాడు? చెప్పింది అబద్ధమనడం లేదు. మా అమ్మీని అడిగినా అదే చెప్పేది, మనస్ఫూర్తిగానే చెప్పేది. కానీ భయం లేకుండా జవాబు చెప్పగలిగినవాడి జవాబునీ, ఆమె జవాబునీ ఒకే గడిలో రాసి కూడడం ఎట్లా కుదురుతుందన్నది నాకు తెగని ప్రశ్న.

మన హైదరాబాదుకు ఈ అడగడం, అడగకపోవడం పాత కథే. 1948లో సంస్థానం భారతదేశంలో కలవాలా వద్దా అన్నదానిపై ప్రజాభిప్రాయ సేకరణ మాట చర్చల్లో నలిగింది, జరగలేదు. రైతునూ అడగలేదు, జులాహానూ అడగలేదు. అడక్కుండానే చెప్పినవాడు ఒకడున్నాడు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కలవాలనే రాశాడు. ఆ ఏడాది ఆగస్టులో రజాకార్లు నడివీధిలో చంపారు. ఉర్దూలో రాసి బతికే నాబోటివాళ్ళకు ఆ పేరు వింటే ఇప్పటికీ కలంపట్టిన చెయ్యి ఒకసారి ఆగుతుంది. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. తరవాత జిల్లాల్లో ముస్లింలకు ఏం జరిగిందో తెలుసుకోవడానికి నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపాడు. ఆ కమిటీ ఊరూరూ తిరిగింది, అడిగింది, విన్నది. చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాసింది. ఆ నివేదిక మామూలు పాఠకుడి చేతికి అందడానికి 2013 దాకా పట్టింది. అంటే మమ్మల్ని ఎవరూ అడగలేదన్న ఫిర్యాదు పూర్తిగా నిజం కాదు. అడిగారు. జవాబును బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇక మాటల సంగతి. రెండు భాషల్లో అన్నం తినేవాణ్ణి కనక నాకిది రోజూ తగిలే ముల్లు. తెలుగులో 'జాతి' అంటే దేశమూ అవుతుంది, తెలుగు జాతీ అవుతుంది. మా ఇంటి ఉర్దూలో 'జాత్' అంటే కులం. 'కౌమ్' అంటే దేశమా, ముస్లిం సముదాయమా? దీనిమీదనే 1938లో మౌలానా హుసేన్ అహ్మద్ మదనీకీ ఇక్బాల్‌కూ పెద్ద వాదం నడిచింది. ఈ కాలంలో కౌములు వతన్‌ను బట్టి ఏర్పడతాయని మదనీ అన్నాడు. ఇక్బాల్ ఒప్పుకోలేదు. దేశవిభజనను వ్యతిరేకించిన మౌలానాను మనవాళ్ళు మరిచారు, లౌకికవాదులకు ఆయన గడ్డం అడ్డమొచ్చింది. విభజన హిందూ ముస్లిం సంబంధాలకు చెరుపు చేసిందన్న ముస్లింలు ఇదే సర్వేలో 48 శాతం. హిందువుల్లో 37. ఈ అంకె మాస్టారి పేపర్లో లేదు.

నిజమైన భారతీయుడు కావాలంటే హిందువు కావడం చాలా ముఖ్యమని హిందువుల్లో 64 శాతం అన్నారు. హిందీ మాట్లాడడం చాలా ముఖ్యమని 59 శాతం. ఈ రెండోది చూపిస్తే మాస్టారు ఉలిక్కిపడ్డారు. నలభై ఏళ్ళు నన్నయ్యను పాఠం చెప్పిన మనిషి అక్కడ ఫెయిలు. "ఇదేం లెక్క?" అన్నారు. మాకు రోజూ ఉండే లెక్కే, మీకు ఇవాళ తగిలింది అన్నాను, కాస్త కటువుగానే. దక్షిణాదిలో ఆ 64 కాస్తా 42కు దిగుతుంది. అది చెప్పి ఆయన్ను ఊరడించాను. నన్ను నేనూ ఊరడించుకున్నాను. వందలో నలభై రెండు తక్కువ అంకేం కాదని తెలిసీ.

మనమూ కడిగిన ముత్యాలం కాము. మన ఆడపిల్లలు వేరే మతంవాణ్ణి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని ముస్లింల్లో 80 శాతం చెప్పారు. హిందువుల్లో 67. అన్నీ పక్కవాడి మీద వేసే మన సభల్లో ఈ 80 గురించి మాట్లాడినవాళ్ళను నేను చూడలేదు. ఆ మాట చెప్పినప్పుడు ఇంట్లో ఆ ఆడపిల్ల ఎక్కడుందో, ఆమెను ఎవరైనా విడిగా కూచోబెట్టి అడిగారో లేదో నాకైతే తెలుసుకోవాలని ఉంది.

చాయ్ చల్లారిపోయింది. మాటల్లో మా దాదా ముల్కీ సర్టిఫికెట్ సంగతి వచ్చింది. 1919లో నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనల కింద, సంస్థానంలో ఉద్యోగం కావాలంటే స్థానికుణ్ణని చూపించాల్సిన కాగితం. 2019 డిసెంబరులో పెట్టె తిరగేస్తే దొరికింది. ఈ నేలవాణ్ణని చెప్పే కాగితం మా ఇంట్లో అదే అన్నిటికంటే పాతది. మొత్తం ఉర్దూలో ఉంది. ఏ దఫ్తర్లో చూపించినా చదివేవాడు దొరకడని మా తమ్ముడు దాన్ని మళ్ళీ అడుగున పెట్టేశాడు.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. లోపల మడతల దగ్గర చిరిగిన పసుప్పచ్చ కాగితం.

"మా నాన్నది. ముల్కీయే అనుకుంటా. మా ఇంట్లో ఎవరికీ చదవ రాదు భాయ్‌సాబ్. ఏం రాసుందో కొంచెం చెబుతారా?"

కళ్ళజోడు పెట్టుకుని, కుడివైపు నుంచి చదవడం మొదలుపెట్టాను.