సీపాప్ యంత్రం

సీపాప్ యంత్రం నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బుకు వాడే ఒక వైద్య పరికరం. ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. గదిలోని గాలిని వడకట్టి, కొద్దిపాటి ఒత్తిడితో గొట్టం ద్వారా ముక్కుకు అందించి, గొంతులోని శ్వాసమార్గం మూసుకుపోకుండా చూడడం ఈ యంత్రం చేసే పని. కంటిన్యువస్ పాజిటివ్ ఎయిర్‌వే ప్రెజర్ అనే ఆంగ్ల పదాల తొలి అక్షరాల నుండి దీనికి ఈ పేరు వచ్చింది. ఇది ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కాదు. వెంటిలేటరు వలె రోగికి బదులుగా శ్వాసక్రియ నడిపే యంత్రం కూడా కాదు. ధరించి నిద్రించినంతసేపు మాత్రమే దీని ఫలితం ఉంటుంది. తీసివేసిన రాత్రి జబ్బు దాదాపు మునుపటి వలెనే తిరిగి వస్తుంది. అందువలన యంత్రానికి అలవాటు పడడం కూడా చికిత్సలో ముఖ్యమైన భాగంగా వైద్యులు పరిగణిస్తారు.

జబ్బు స్వరూపం

మనిషి మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు శ్వాసమార్గాన్ని తెరచి ఉంచుతాయి. నిద్రలో ఇవి సడలుతాయి. కొందరిలో నాలుక వెనుక భాగం, మెత్తని అంగిలి వెనుకకు జారి మార్గం ఇరుకవుతుంది. ఇరుకు మార్గంలో గాలి కదిలినప్పుడు మెత్తని భాగాలు అదరడం వలన గురక వస్తుంది. మార్గం పూర్తిగా మూసుకుపోతే గురక ఆగి నిశ్శబ్దం ఏర్పడుతుంది. ఛాతీ, పొట్ట కదులుతున్నా గాలి లోనికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు కొద్ది క్షణాలు మేలుకొంటుంది, కండరాలు బిగుసుకొంటాయి, పెద్ద శబ్దంతో ఊపిరి తిరిగి మొదలవుతుంది. రోగికి ఈ మెలకువ సాధారణంగా గుర్తుండదు. పక్కన పడుకొన్నవారే దీనిని ముందుగా గమనిస్తారు.

శ్వాస 10 సెకన్లు లేదా అంతకు మించి ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గితే హైపోప్నియా అంటారు. గంట నిద్రలో ఈ రెండూ కలిపి సగటున ఎన్నిసార్లు జరిగాయో తెలిపే సంఖ్యను ఏహెచ్ఐ అంటారు. పెద్దవారిలో ఇది 5 నుండి 15 లోపు ఉంటే జబ్బు స్వల్పం, 15 నుండి 30 లోపు ఉంటే మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం.

ఉదయం తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, పగటిపూట కూర్చున్నచోటనే కునుకు పట్టడం, మతిమరపు, చిరాకు దీని సాధారణ లక్షణాలు. స్థూలకాయం, లావైన మెడ, చిన్న దవడ, పెద్ద టాన్సిల్స్, మద్యపానం జబ్బుకు దోహదం చేస్తాయి. అయితే సన్నగా ఉన్నవారికి ఇది రాదని చెప్పలేము. చికిత్స లేకపోతే అధిక రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం, వాహన ప్రమాదాలు వీరిలో ఎక్కువగా కనిపిస్తాయి. 2019లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుండి 69 ఏళ్ల వయసువారిలో సుమారు 93.6 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో ఈ జబ్బు కలదు.

గురక గాఢనిద్రకు గుర్తు అనే నమ్మకం వలన చాలామంది ఏళ్ల తరబడి వైద్యుని వద్దకు పోరు. సింహాసనం, గ్యాంగ్ లీడర్ చిత్రాల ద్వారా తెలుగువారికి సుపరిచితుడైన సంగీత దర్శకుడు బప్పీలహరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో మరణించినప్పుడు, మరణ కారణాలలో స్లీప్ ఆప్నియాను కూడా వైద్యులు పేర్కొన్నారు. దీనితో ఈ జబ్బు పేరు వార్తాపత్రికల ద్వారా సామాన్య పాఠకులకు చేరింది.

చరిత్ర

1976లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్ గిల్లెమినో, అతని సహచరులు ఈ జబ్బును విపులంగా వర్ణించారు. అప్పట్లో తీవ్రమైన జబ్బుకు నమ్మకమైన చికిత్స ట్రెకియాస్టమీ ఒక్కటే. మెడ ముందు భాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి, రాత్రిపూట దాని గుండా శ్వాస పోయేటట్లు చేసేవారు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు 1980లో వేరొక మార్గాన్ని ప్రయత్నించాడు. గాలిని పీల్చే వాక్యూమ్ క్లీనరు మోటారు వంటిదానిని గాలిని ఊదేటట్లు అమర్చి, ముక్కుకు బిగించిన మాస్కు ద్వారా రోగికి గాలిని పంపాడు. ఆ రాత్రి రోగి ఆటంకం లేకుండా నిద్రించాడు. ఐదుగురు రోగులపై పొందిన ఫలితాలను సల్లివన్ బృందం 1981లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. తొలినాటి యంత్రాలు బరువైనవి, పెద్ద శబ్దం చేసేవి. మాస్కును ప్రతి రాత్రీ జిగురు వంటి పదార్థంతో ముఖానికి అంటించవలసి వచ్చేది. 1980ల మధ్య నుండి ఇళ్లలో వాడదగిన యంత్రాలు అమ్మకానికి వచ్చాయి.

పనిచేసే విధానం

ఈ యంత్రంలో చిన్న గాలి మోటారు, వడపోత, గొట్టం, మాస్కు ఉంటాయి. చాలా యంత్రాలకు గాలిని తేమపరచే నీటి తొట్టె కూడా ఉంటుంది. దీనిని హ్యూమిడిఫయరు అంటారు. ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. సాధారణంగా ఇది 4 నుండి 20 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. 10 సెంటీమీటర్ల ఒత్తిడి అంటే వాతావరణ పీడనంలో సుమారు ఒక శాతం మాత్రమే. మెత్తని గోడలు గల గొంతును లోపలి నుండి తెరచి ఉంచడానికి ఇది చాలు. రోగి విడిచిన గాలి మాస్కుకు ఉన్న సన్నని రంధ్రాల గుండా బయటకు పోతుంది. ఈ రంధ్రాలను మూయరాదు.

ఒకే ఒత్తిడిని ఇచ్చేది సాధారణ సీపాప్. అవసరాన్ని బట్టి ఒత్తిడిని తానే మార్చుకొనేది ఆటో సీపాప్. లోనికి పీల్చేటప్పుడు ఎక్కువ, విడిచేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చేది బైపాప్. ఏ రకం, ఎంత ఒత్తిడి అనేది నిద్ర పరీక్షను బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు.

అలవాటు పడుట

సీపాప్ వాడకంలో పెద్ద అవరోధం రోగులు దానిని మధ్యలో మానివేయడం. 1993లో అమెరికాలో 35 మంది రోగుల యంత్రాలలో రహస్యంగా గడియారాలు అమర్చి పరిశీలించగా, గమనించిన రోజులలో 70 శాతం రోజులు కనీసం 4 గంటల చొప్పున వాడినవారు 46 శాతం మాత్రమే అని తేలింది. తాము వాడినట్లు రోగులు చెప్పిన సమయం అసలు వాడిన సమయం కంటే ఎక్కువగా ఉంది. రాత్రికి 4 గంటలు అనే కొలమానం ఆ తరువాత వాడుకలో స్థిరపడింది. అయితే అది కనీస హద్దు మాత్రమే. నిద్రించినంతసేపూ ధరించడం మేలు. క్రమంగా వాడేవారు, అప్పుడప్పుడు వాడేవారు అనే తేడా మొదటి వారంలోనే కనిపిస్తుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. కనుక తొలి రోజులలో వచ్చే ఇబ్బందులను వెంటనే సరిచేయడం ముఖ్యం.

ముఖానికి మాస్కు పెట్టగానే ఊపిరాడనట్లు అనిపించడం చాలామందికి కలిగే అనుభవం. దీనికి మెట్లవారీగా అలవాటు చేస్తారు. మొదట పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడు, పట్టీలు బిగించకుండా మాస్కును చేతితో ముక్కుకు ఆనించి ఉంచుకోవాలి. తరువాత పట్టీలు పెట్టి, యంత్రం నడుపుతూ, కూర్చొని టీవీ చూడడం లేదా చదువుకోవడం చేయాలి. ఆపై మధ్యాహ్నం కునుకు సమయంలో, చివరకు రాత్రి నిద్రలో వాడాలి. తక్కువ ఒత్తిడితో మొదలై నెమ్మదిగా పెరిగే ర్యాంప్ సదుపాయం ఇందుకు తోడ్పడుతుంది.

సాధారణంగా ఎదురయ్యే ఇతర ఇబ్బందులు, వాటి పరిష్కారాలు ఇవి:

• గాలి కారడం: మాస్కు కొలత సరిపోకపోవడం దీనికి ముఖ్య కారణం. పట్టీలను మరీ బిగిస్తే ముక్కుదూలంపై పుండు పడుతుంది కాని గాలి కారడం ఆగదు. పడుకొని, యంత్రం నడుస్తుండగా పట్టీలను సరిచేసుకోవాలి. ముఖానికి రాసుకొన్న నూనె, ఒత్తైన గడ్డం మీసాలు, స్త్రీలలో ముక్కుపుడక మాస్కు సరిగా ఆనకుండా చేయవచ్చు.

• నోరు ఎండిపోవడం: ముక్కుకు మాత్రమే పెట్టే మాస్కు వాడుతూ నోరు తెరచి నిద్రించేవారిలో గాలి నోటి గుండా పోతుంది. గడ్డం కింద పట్టీ, లేదా ముక్కు నోరు రెండింటినీ కప్పే మాస్కు ఉపయోగపడతాయి.

• ముక్కు దిబ్బడ, తుమ్ములు: గాలిని తేమపరచడం, ఉప్పునీటి చుక్కలు కొంత ఉపశమనం ఇస్తాయి. అలర్జీ ఉన్నవారు దానికి విడిగా చికిత్స పొందాలి.

• కడుపు ఉబ్బరం: గాలి అన్నవాహికలోకి పోవడం వలన కలుగుతుంది. ఒత్తిడిని సవరించవలసి ఉంటుందేమో వైద్యుడు చూడాలి. రోగి సొంతంగా ఒత్తిడిని మార్చరాదు.

• గొట్టంలో నీరు చేరడం: ఏసీ గదిలో వెచ్చని తేమగాలి గొట్టంలో చల్లబడి నీరుగా మారుతుంది. తేమ స్థాయిని తగ్గించి, యంత్రాన్ని తల కంటే దిగువన ఉంచాలి. నేలపై పడుకొనేవారు దానిని తలగడ కంటే ఎత్తైన బల్లపై పెట్టరాదు.

మాస్కు దిండును ప్రతి రోజు, గొట్టాన్ని, తొట్టెను వారానికి ఒకసారి సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. తొట్టెలో డిస్టిల్డ్ వాటరు పోయాలి. బోరు నీటిలోని లవణాలు తొట్టె అడుగున పొరకడతాయి. బ్యాటరీల కొరకు అమ్మే నీరు శ్వాస పరికరాల కొరకు తయారైనది కాదు కనుక వాడరాదు. దోమల చుట్ట, అగరుబత్తి పొగను యంత్రం లోనికి లాగుకొంటుంది కనుక వాటిని దగ్గరలో వెలిగించరాదు.

ఉత్తరాంధ్రలో వాడకం

శ్రీకాకుళం జిల్లాలో జాతీయ రహదారి 16పై ఉన్న నరసన్నపేట మండల కేంద్రం. చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే ఈ రహదారి గుండా రాత్రింబవళ్లు లారీలు, బస్సులు నడుస్తాయి. రాత్రిపూట బండి నడిపే డ్రైవరుకు చికిత్స లేని స్లీప్ ఆప్నియా ఉంటే దాని ఫలితం అతనితో ఆగదు. స్టీరింగు వద్ద కునుకు పట్టేవారు చికిత్స ఫలించేవరకు బండి నడపరాదు.

ఇటువంటి పట్టణాలవారికి పూర్తి స్థాయి నిద్ర పరీక్ష కొరకు సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లడం ఒక మార్గం. ఇంటి వద్దనే చిన్న పరికరంతో ఒక రాత్రి చేసే పరీక్ష కూడా కలదు. ఇతర తీవ్రమైన జబ్బులు లేని చాలామందికి అది సరిపోతుంది. నేటి యంత్రాలు వాడిన గంటలను, గాలి కారుటను, మిగిలిన ఏహెచ్ఐని నమోదు చేస్తాయి. కొన్ని ఆ వివరాలను మొబైల్ నెట్‌వర్కు ద్వారా పంపుతాయి. వైద్యునికి దూరంగా ఉన్నవారికి ఇది ఎంతో ఉపయోగం. కొనే ముందు కొద్ది వారాలు యంత్రాన్ని అద్దెకు తీసుకొని చూసే పద్ధతి కూడా ఉన్నది.

తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కనుక వానకాలంలో చాలామందికి హ్యూమిడిఫయరు తక్కువ స్థాయిలో ఉంచినా సరిపోతుంది. ఉక్కపోత రాత్రులలో మాస్కు కింద చెమట పట్టడం ఇక్కడి ముఖ్యమైన ఇబ్బంది. పడుకొనే ముందు ముఖం కడిగి తుడుచుకోవడం, మాస్కు కింద పలుచని నూలు గుడ్డ తొడుగు వాడడం కొంత మేలు చేస్తాయి.

విద్యుత్ సరఫరా మరొక సమస్య. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫానుల తరువాత ఉత్తరాంధ్రలో అనేక గ్రామాలు రోజుల తరబడి విద్యుత్తు లేకుండా ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు యంత్రం ఆగినా ఊపిరి ఆడకుండా పోదు. ముక్కు మాస్కు ధరించినవారు నోటితో శ్వాసించగలరు. ముక్కు నోరు కప్పే మాస్కులకు బయటి గాలి వచ్చే కవాటం ఉంటుంది. అయితే మాస్కు తీసివేసి పడుకోవడం మంచిది. యంత్రం వాడే విద్యుత్తులో ఎక్కువ భాగం నీటిని వేడిచేయడానికే పోతుంది. హ్యూమిడిఫయరును ఆపితే ఇంటి ఇన్వర్టరుపై యంత్రం ఎక్కువసేపు నడుస్తుంది. అదీ లేని రాత్రులలో పక్కకు తిరిగి పడుకోవడం, తల వైపు ఎత్తు పెట్టుకోవడం, మద్యాన్ని మానడం తాత్కాలిక ఉపాయాలు. వైద్యుడు చెప్పనిదే నిద్రమాత్రలు వేసుకోరాదు.

ఫలితాలు, పరిమితులు

క్రమంగా వాడేవారిలో గురక, పగటి మగత, చిరాకు తగ్గుతాయి. కొందరికి కొద్ది రోజులలోనే తేడా తెలుస్తుంది, మరికొందరికి వారాలు పడుతుంది. రక్తపోటు సగటున 2 నుండి 3 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గుతుంది కనుక రక్తపోటు మందులను సొంతంగా మానరాదు. గుండెజబ్బు లేదా పక్షవాతం ఉన్న 2,717 మందిపై జరిగిన సేవ్ అనే అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. సీపాప్ వలన కొత్తగా గుండెపోటు, పక్షవాతం తగ్గినట్లు అందులో కనిపించలేదు. అయితే పాల్గొన్నవారు సగటున రాత్రికి 3.3 గంటలు మాత్రమే యంత్రాన్ని వాడారు. వారిలో మగత తగ్గి జీవన నాణ్యత మెరుగుపడింది.

2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ తన కొన్ని రకాల యంత్రాలలో శబ్దం తగ్గించడానికి అమర్చిన నురుగు పదార్థం పొడిగా రాలే అవకాశం ఉందని ప్రకటించి, ప్రపంచవ్యాప్తంగా లక్షలాది యంత్రాలను వెనుకకు పిలిచింది. వాడిన యంత్రాన్ని కొనేవారు ఆ యంత్రం ఈ జాబితాలోనిదేమో చూసుకోవాలి.

ఇతర చికిత్సలు

సీపాప్ సరిపడనివారికి కింది దవడను ముందుకు జరిపి ఉంచే దంత పరికరం, టాన్సిల్స్ లేదా దవడ శస్త్రచికిత్స వంటి మార్గాలు కలవు. బరువు తగ్గితే జబ్బు తీవ్రత తగ్గుతుంది. స్థూలకాయంతో పాటు మధ్యస్థ లేదా తీవ్రమైన జబ్బు ఉన్న పెద్దవారికి టిర్జెపటైడ్ అనే మందును 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. బరువు గణనీయంగా తగ్గిన తరువాత కూడా మరల నిద్ర పరీక్ష చేయించుకొని, వైద్యుని సలహాతోనే యంత్రాన్ని మానాలి.