కంప్యూటర్ రేషన్ కార్డు తీసేస్తే: ‘సమగ్ర వేదిక’ ఏమిటి, మనం ఏం చేయాలి?

ములకలపల్లి మండలంలోని అడవి అంచు గ్రామాల్లో కూలి పనికి వెళ్లే కుటుంబానికి రేషన్ బియ్యమే పెద్ద ఆసరా. ఆ కార్డు ఎవరికి ఉండాలో తేల్చడంలో ఇప్పుడు కంప్యూటర్‌కూ చేయి ఉంది. అందుకే దాని సంగతి తెలుసుకోవాలి.

సమగ్ర వేదిక అంటే

తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి వాడుతున్న డేటా వ్యవస్థ ఇది. వాహనాలు, ఆస్తులు, కరెంటు, పింఛన్ల వంటి వేర్వేరు శాఖల రికార్డులను ఒకచోట చేర్చి, ఒక మనిషికి సంబంధించినవన్నీ కలుపుతుంది. పేరు, తండ్రి పేరు, అడ్రసు దగ్గర దగ్గరగా ఉంటే ఇద్దరినీ ఒక్కరే అనుకునే ప్రమాదం ఉంది.

ఆహార భద్రతా కార్డుకు గ్రామాల్లో ఏడాది ఆదాయం రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు దాటకూడదు. కారు ఉన్నా కార్డు రాదు. కాబట్టి వేరేవాళ్ల కారు మన పేరు మీద పడితే బియ్యం ఆగిపోయినట్టే.

మన పేర్లతో చిక్కు

మహ్మద్, మొహమ్మద్, ఎండీ; షేక్, ఎస్‌కే. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒకలా, కార్డులో ఇంకోలా ఉంటుంది. ఒకే పేరున్న వాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. హైదరాబాద్‌లో ఓ రిక్షా కార్మికుడి కుటుంబానికి ఇదే జరిగింది. కారున్న మరో వ్యక్తి పేరు ఆయన పేరుకు దగ్గరగా ఉండటంతో ఆ కారు ఈయనదేనని రికార్డుకెక్కింది. రిపోర్టర్స్ కలెక్టివ్, అల్ జజీరా 2024 జనవరిలో ఈ సంగతి బయటపెట్టాయి.

కోర్టు ఏమంది

రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డుల రద్దుపై హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెళ్లారు. ఇంటింటికీ వెళ్లి మళ్లీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. జులై నాటికి పరిశీలించిన 2,05,734లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే వందకు ఏడెనిమిది కుటుంబాల కార్డులు అన్యాయంగా పోయాయన్నమాట.

కంప్యూటర్ అనుమానం మాత్రమే చెబుతుంది, తుది నిర్ణయం అధికారిదే అంటారు. కానీ తెర మీద కనిపించిందే నిజమని సంతకం పెడితే, తప్పు నిరూపించే భారం పేదవాడి నెత్తిన పడుతుంది.

కార్డు ఆగితే ఏం చేయాలి

• నోటి మాటతో తిరిగి రావద్దు. కారణం రాతపూర్వకంగా ఇవ్వమని తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.

• సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. ఏ రికార్డు ఆధారంగా రద్దు చేశారు, ఏ బండి నంబరు చూపారు, తనిఖీకి ఎవరు వచ్చారు అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నిర్ణయం వల్ల నష్టపోయినవారికి కారణం చెప్పాలని అదే చట్టం సెక్షన్ 4 అంటోంది.

• బండి మీది కాకపోతే, ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని జత చేయండి.

• సోమవారం కొత్తగూడెం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం జిల్లాకో ఫిర్యాదుల అధికారి ఉండాలి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఇంట్లో అందరి ఆధార్, కార్డు, బ్యాంకు పుస్తకాల్లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. చదువు రాని పెద్దవాళ్ల అర్జీలు ఇంట్లో చదువుకున్న పిల్లలే రాసిపెట్టాలి. రసీదులు మాత్రం పారేయొద్దు.